బండయు మోకును: ఒరపిడి చరిత్ర



పల్నాడనగానే మనకు నాయకురాలు నాగమ్మయు, బ్రహ్మనాయుడును, కారెమపూడి రణరంగమును జ్ఞప్తికి వచ్చును. ఆ కథను వీరవిద్యావంతులు తరతరములుగా గానము చేయుచున్నారు. నా కంటె వారికే యది బాగుగా దెలియును. నేడు నేను చెప్పదలచినది వేఱొక పోరు. బండకు మోకు కట్టి లాగునప్పుడు బండకును నేలకును నడుమ జరుగు పోరు. దీనిని మనవారు ఒరపిడి యనిరి. పాఠ్యపుస్తకములలో ఘర్షణ యందురు. ఒకదాని కొకటి కట్టబడిన వస్తువులు, అనగా ఎడ్లు, కాడి, మోకు, బండ, కలిసి కదలునప్పుడు ఈ ఒరపిడి యెవరి పాలు ఎంత తినునో లెక్కగట్టుట మనుష్యునకు సుమారు రెండువేల యేండ్లు పట్టినది. ఆ చరిత్రయే నేటి ప్రసంగము.

నేను తెలుగు పండితుడను. అమరమును, రఘువంశమును, తర్కసంగ్రహమును చదివి, భాషాప్రవీణ పరీక్ష నిచ్చి, ముప్పదియైదేండ్లు సంధులును ఛందస్సును చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. అట్టివానికి యంత్రశాస్త్రముతో పనియేమని మీకు సందేహము గలుగవచ్చును. కారణమున్నది. 1987 లో నేను పనిచేయుచుండిన పాఠశాలలో భౌతికశాస్త్రము చెప్పు నుపాధ్యాయుని స్థానము ఖాళీపడి యేడాది దాక నిండలేదు. "పండితులవారూ, పుస్తకములో ఉన్నదే గదా, చదివి చెప్పండి" అని ప్రధానోపాధ్యాయులు పదవ తరగతిని నాకప్పగించిరి. కాదనజాలక పుచ్చుకొంటిని. ఆ యేట నేనొక తప్పు చేసితిని. దాని ప్రస్తావన సమయము వచ్చినపుడు చేసెదను.

మొదట మోటబావిని గూర్చి చెప్పవలెను. ఈ ప్రసంగమును వినుచున్న పెద్దలలో పలువురు మోటతోలినవారే యైయుందురు. మా యూరు గురజాలకు రెండు కోసుల దూరమున నున్నది. నా చిన్ననాట మా చేనిని ఆనుకొని యొక రైతు మోటబావి యుండెను. ఆయనను నేను పెద్దయ్య యని పిలిచెడివాడను. బావి యొడ్డున రెండు స్తంభములు, వాని నడుమ ఇరుసుపై తిరుగు గిలక, గిలక మీదుగా మోకు, మోకున కొక చివర తోలుబొక్కెన, రెండవ చివర ఎడ్ల కాడి. ఎడ్లు నడచు బాట బావినుండి దూరమగు కొలది పల్లమునకు దిగుచుండును. ఎడ్లు దిగుచుండగా బొక్కెన పైకి వచ్చును. నీరు తొండము గుండ కాలువలో పడిన పిమ్మట ఎడ్లు వెనుకకు నడచి ఎత్తునకు వచ్చును, బొక్కెన బావిలోనికి దిగును.

ఇందులో గమనింపవలసినది, ఎడ్లు అడుగు వేసినంత మేరయే బొక్కెన పైకి లేచును. మోకు సాగదు గనుక అందఱి నడకయు ఒకటే. అయినను అందఱి బాధలు వేఱు. బొక్కెనకు నీటి బరువు బాధ. గిలకకు ఇరుసు దగ్గఱ ఒరపిడి బాధ. ఎడ్లకు లాగుడు బాధ. పల్లమునకు దిగుచున్నందున వాని బరువే వానికి కొంత తోడగును. పెద్దయ్య ఎడ్లు దిగునప్పుడు మోకుపై కూరుచుండెడివాడు. అది సోమరితనమని నేను బాల్యమున తలంచితిని. ఆయన బరువు మోకును క్రిందికి నొక్కి బొక్కెనను పైకి లాగుటకు సాయపడుచుండెనని తరువాత నెఱిగితిని. గిలక కీచుమన్నచో వెంటనే ఆముదము పోసెడివాడు. "అది అరిస్తే ఎడ్లకి కూడు దండగ, చిన్నపంతులూ" అనెడివాడు. అరపు రూపమున పోవుచున్నది ఎడ్ల కష్టమేయని దాని యర్థము. ఇంతకంటె చక్కని నిర్వచనము నాకు తరువాత నే పుస్తకమునను కనబడలేదు.

మన మోటకంటె ఎంతో ప్రాచీనమైన చిత్రమొకటి ఈజిప్టు దేశములో నున్నది. క్రీస్తుకు పూర్వము సుమారు 1900 ప్రాంతమున జెహూతిహోతెప్ అను అధికారి సమాధి గోడపై దానిని వ్రాసిరి. ఒక మహావిగ్రహమును చక్రములు లేని చెక్కబండిపై నిలిపి, 172 మంది మనుష్యులు నాలుగు వరుసలుగా మోకులు పట్టి లాగుచుందురు. విగ్రహపు పాదముల యొద్ద నిలిచిన యొకడు బండి ముందు నేలపై నీరు పోయుచుండును. పండితులు పలువురు అదేదో పూజావిధి యనుకొనిరి. 2014 లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్రజ్ఞులు పొడి యిసుక మీదను, తగుపాటి తడిగల యిసుక మీదను బరువును లాగి చూచి, తడి తగినంత యున్నప్పుడు లాగుడు సుమారు సగమునకు తగ్గునని కనుగొనిరి. పొడి యిసుక బండి ముందు కుప్పపడును, తడియిసుక గట్టిగా నిలుచును. నీరెక్కువైన బురదయై మఱల పట్టుకొనును. మన కళ్ళములలోను, బండ్ల బాటలలోను దీనిని చూడనివారు లేరు.

అరిస్టాటిల్ అను గ్రీకు తత్త్వవేత్త ఈ విషయమున నొక చక్కని ప్రశ్న వేసెను. నూఱుగురు కలిసి యోడను కొంత దూరము లాగగలిగినంత మాత్రమున, ఒక్కడు దానిని అందులో నూఱవ వంతు దూరము లాగగలడని చెప్పవచ్చునా? చెప్పరాదు. ఒక్కడు లాగినచో నది కదలనే కదలదు. త్రైరాశికము ఇచ్చట పనికిరాదని ఆయన గ్రహించెను, కాని దానికి కారణము చెప్పలేకపోయెను. ఆయనకు ఏడువందల యేండ్ల తరువాత, అనగా నాలుగవ శతాబ్దమున, థెమిస్టియస్ అను వ్యాఖ్యాత ఆగియున్న దానిని కదలించుటకంటె కదలుచున్న దానిని కదలుచునే యుండునట్లు చేయుట సులభమని వ్రాసెను. ఇది బండ్లు తోలు ప్రతివానికిని దెలిసిన సంగతియే. ఊబిలో బండి నాగనీయక తోలుటకు కారణమిదియే.

మన తార్కికులు గురుత్వమును ద్రవ్యమునందలి గుణముగా నెంచి, అది మొదటి పతనమునకు కారణమనియు, తరువాతి పతనమునకు వేగము కారణమనియు విభజించిరి. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున దీనిని చెప్పెను. మొదటి కదలికకును, పిమ్మటి కదలికకును కారణములు వేఱని గుర్తించుట సూక్ష్మమైన బుద్ధియే. అయితే దీనిని జూపి మనవారికి సమస్తమును ముందే తెలిసియుండెనని డప్పు కొట్టుట నాకిష్టము లేదు. వారు పతనమును గూర్చి చెప్పిరి, ఒరపిడిని తూచి చూడలేదు. తూచి చూచుట వేఱొక విద్య.

ఆ తూకమును మొదట వేసినవాడు ఇటలీ దేశపు లియొనార్డో డావిన్సి. చిత్రకారుడుగా ఆయన పేరు మీరు వినియుందురు. 1452 లో బుట్టి 1519 లో గతించెను. ఆయన నోటు పుస్తకములలో నొక బొమ్మ కలదు. బల్లపై నొక దిమ్మ, దిమ్మకు త్రాడు, త్రాడు బల్ల యంచున గిలక మీదుగా క్రిందికి దిగి దాని చివర తూకపు బరువు. మన మోటబావినే బల్లమీద పెట్టినట్లుండును! ఎడ్లకు బదులు బల్లమీది దిమ్మ, బొక్కెనకు బదులు తూకపు బరువు. ఎంత బరువు వ్రేలాడదీసిన దిమ్మ కదలునో ఆయన చూచెను. రెండు సంగతులు తేలినవి. దిమ్మ బరువు రెట్టింపైన ఒరపిడియు రెట్టింపగును. దిమ్మను వెడల్పుగా పఱచినను, ప్రక్కకు నిలిపినను ఒరపిడి మాత్రము మాఱదు. అయితే ఆ పుస్తకము లచ్చుకెక్కక మూలపడియుండుటచే లోకమునకా విషయము తెలియలేదు.

సుమారు రెండువందల యేండ్లకు ఫ్రాన్సు దేశములో గియోమ్ ఆమొంతాన్ అనునతడు మఱల నిదే కనుగొనెను. బాల్యముననే చెవుడు వచ్చినవాడు, స్వయంకృషిచే యంత్రములు నేర్చినవాడు. 1699 లో ప్యారిస్ శాస్త్ర పరిషత్తులో తన ఫలితమును చదివెను. ఒరపిడి బరువులో మూడవ వంతనియు, తాకు వైశాల్యముతో దానికి సంబంధము లేదనియు చెప్పగా సభ్యులు తెల్లబోయిరట! ఎక్కువ మేర రాసుకొన్నచో ఎక్కువ యొరపిడి యుండవలదా యని వారి శంక. పరీక్షించి చూడగా ఆమొంతాన్ మాటయే నిలిచినది. ఆ శంకకు తగిన సమాధానము మాత్రము ఇరువదవ శతాబ్దమున గాని రాలేదు. కేంబ్రిడ్జిలో బౌడెన్, టేబర్ అను నిరువురు పండితులు, 1950 లో తమ గ్రంథమును వెలువరించినవారు, రెండు బండలు పైకి పూర్తిగా తాకినట్లున్నను నిజముగా తాకునవి వాని యందలి సూక్ష్మమైన గుట్టల కొనలు మాత్రమేయనియు, బరువు పెరిగినకొలది ఆ కొనలు నలిగి తాకు మేర పెరుగుననియు చూపిరి. కావున బండను పఱచినను నిలిపినను ఆ నిజమైన తాకిడి మేర బరువునే యనుసరించును.

వీరి తరువాత వచ్చినవాడు ఆయిలర్ అను గణితవేత్త. పలకను కొంచెము కొంచెముగా వంచుచు, దానిపైనున్న దిమ్మ యెప్పుడు జారునో చూచుట ఆయన పద్ధతి. జారుట కారంభించిన దిమ్మ మెల్లగా గాక గబాలున జారుట చూచి, నిలిచియున్నప్పటి ఒరపిడికంటె జారునప్పటి ఒరపిడి తక్కువయని 1748 లో తేల్చెను. థెమిస్టియస్ మాటకు లెక్క దొరికినది. స్తంభమునకు త్రాడు చుట్టి బరువును నిలుపు యుక్తికి లెక్కకట్టిన సూత్రము కూడ ఆయన పేరిటనే ప్రసిద్ధము. త్రాడునకును కొయ్యకును నడుమ ఒరపిడి నిష్పత్తి పదింట మూడు వంతులనుకొన్నచో, ఒక్క పూర్తి చుట్టు చుట్టినవాడు తన చేతి పట్టుకు సుమారు ఆరున్నర రెట్లు బరువును నిలుపగలడు. రెండు చుట్టులకు పదమూడు రెట్లు కాదు, నలుబదిమూడు రెట్లు! బావిలోనికి బరువు దించునపుడు ముసలివారు మోకును మొద్దునకు రెండు మాఱులు చుట్టి ఒక చేత వదలుచు కబుర్లు చెప్పుచుందురు. పడుచువారు చుట్టక పట్టి అరచేతులు కాల్చుకొందురు.

ఈ విద్యను పూర్తి చేసినవాడు కులూం. 1736 లో పుట్టిన ఫ్రెంచి సైనిక యింజనీరు. మార్టినీక్ దీవిలో ఎనిమిదేండ్లు కోట కట్టించి, మట్టియు రాయియు మోకును చేతులతో ఎఱిగినవాడు. 1779 లో రోష్‌ఫోర్ నౌకాశాలలో బలమైన బల్ల కట్టించి, దానిపై చెక్కబండిని పెట్టి, మోకును గిలక మీదుగా దింపి, బరువులు వ్రేలాడదీసి, మానుమీద మాను, మానుమీద ఇనుము, చమురుతో, చమురు లేక, అని ఓపికతో పరీక్షలు చేసెను. అనేకములైన పరీక్షలలో నాకు మిక్కిలి నచ్చినది, బండి యెంతసేపు నిలిచియుండిన పిమ్మట లాగితిమను ప్రశ్న. మాను మీద మాను క్షణము నిలిచిన దానికంటె కొన్ని నిమిషములు నిలిచినచో ఎక్కువగా అంటుకొనునని తేలినది. రెండు కుంచెల వెండ్రుకలు ఒకదానిలో నొకటి దూరుకొన్నట్లని ఆయన పోల్చెను. 1781 లో ప్యారిస్ పరిషత్తు ఆయనకు బహుమాన మిచ్చెను. ఆ కాలముననే, 1784 లో, ఇంగ్లండులో జార్జి ఆట్‌వుడ్ అనునతడు గిలకకు రెండు వైపుల రెండు బరువులు కట్టి, గిలక యిరుసు క్రింద చిన్నచక్రము లమర్చి ఒరపిడిని దాదాపు లేకుండ జేసి, బరువులు కదలు తీరును కొలిచెను. ఒకరు ఒరపిడిని కొలిచిరి, ఒకరు దానిని తొలగించి చూచిరి.

ఇక నా తప్పు.

పదవ తరగతికి త్రైమాసిక పరీక్షలో నేనొక లెక్క నిచ్చితిని. 100 కిలోల పలకరాయి నేలపై నున్నది. ఒరపిడి నిష్పత్తి సగము. రాతికి కట్టిన మోకు గిలక మీదుగా క్రిందికి దిగి దానికి 40 కిలోల బరువు వ్రేలాడుచున్నది. రాయి కదలునా? ఒరపిడి యెంత? మోకులో లాగుడెంత? నూటికి సగము ఏబది, కావున ఒరపిడి 50, నలుబదికంటె ఎక్కువ గనుక రాయి కదలదు అని నేను జవాబు వ్రాసికొంటిని. తరగతిలో నొక బాలుడు మాత్రము రాయి కదలదు, ఒరపిడి 40, మోకులో లాగుడు 40 అని వ్రాసెను. వాని తండ్రి దాచేపల్లి వైపు నాపరాయి గనిలో పనిచేయువాడు. సూత్రము వ్రాయక జవాబు వ్రాసినాడని నాకు కోపము వచ్చినది. కాగితమును తరగతిలో పైకెత్తి చూపి, "నీవు బండలు లాగుటకే తగుదువు" అంటిని. ఆ మాట యిప్పటికిని నా చెవిలో నున్నది. మఱునాడు వాడు బడికి రాలేదు. నాలుగు దినములు రాలేదు. అయిదవ నాడు నేనే బయలుదేరి గని యొద్దకు బోతిని.

పల్నాటి నాపరాయి మీరెఱుగనిది కాదు. పొరలు పొరలుగా పలకలై వచ్చును. మూడవ, నాలుగవ శతాబ్దములలో ఇక్ష్వాకు రాజులు విజయపురిలో స్తూపములకును శిల్పములకును వాడినది ఈ ప్రాంతపు సున్నపురాయియే. గనిలో బాలుని తండ్రి పలకకు మోకు కట్టి లాగుచుండెను. నన్ను జూచి తల గుడ్డ తీసి, "దండాలు అయ్యవారూ, ఎండన పడొచ్చారే" అనెను. పిల్లవాని సంగతి చెప్పి, వాని జవాబేల తప్పో వివరింపబోతిని. ఆయన వినెను. పిదప మోకు చివర నా చేతికిచ్చి, "కొంచెం లాగండి" అనెను. లాగితిని. బండ కదలలేదు. "ఇంకొంచెం." కదలలేదు. అప్పుడాయన యనిన మాట యిది: "మనం ఎంత లాగితే అదీ అంతే ఎదురు లాగుద్ది అయ్యవారూ. దాని ఓపిక అయిపోయేదాకా అంతే. మీరు వదిలేస్తే అదీ వదిలేసుద్ది. ఊరికే కూచున్న బండ ఎవుర్ని లాగుద్ది?"

నేను నిలువున నీరైతిని. 40 కిలోలతో లాగునప్పుడు ఒరపిడి 50 కిలోలతో ఎదురు లాగినచో బండ వెనుకకు నడవవలెను గదా! ఏబది యనునది ఒరపిడి కాదు, ఒరపిడి యోపికకు హద్దు. ఆ హద్దులోపల అది అడిగినంత మాత్రమే యిచ్చును. బాలుని జవాబే సరియైనది. నేను నేర్చిన సూత్రము హద్దును చెప్పు సూత్రము. ఎప్పుడు వాడవలెనో తెలియక వాడితిని.

ఆ సాయంకాలము ఇంటికి వచ్చి లెక్కను ముందుకు సాగించితిని. నలుబదికి బదులు 60 కిలోలు వ్రేలాడదీసిన నేమగును? ఇప్పుడు హద్దు దాటినది. నిలిచినప్పటి ఒరపిడియు జారునప్పటిదియు ఒకటేయని పాఠ్యపుస్తకము వలె సౌకర్యమునకై యనుకొందము, గిలకకు బరువును ఒరపిడియు లేవనుకొందము. అరువదిలో ఏబది ఒరపిడికి పోగా మిగిలినది 10. ఈ పది కిలోల లాగుడు రాతిని, వ్రేలాడు బరువును కలిపి 160 కిలోలను కదల్పవలెను. కావున స్వేచ్ఛగా పడు వస్తువు వేగము పెరుగు తీరులో పదాఱవ వంతుగా ఈ జోడు వేగము పెరుగును. మఱి మోకులో లాగుడెంత? అరువదియని తోచును. కాదు. ఏబదియు కాదు. అరువదిలో పదాఱవ వంతు తీసివేయగా 56 కిలోల 250 గ్రాములు. సరిచూచుకొనుటకు రాతి ప్రక్కనుండి లెక్కింపుడు. లాగుడు 56 కిలోల 250 గ్రాములు, అందులో ఒరపిడికి 50 పోగా 6 కిలోల 250 గ్రాములు, అది నూటిలో సరిగా పదాఱవ వంతు. రెండు చివరలనుండి వచ్చినను మోకు నడుమ ఒకేచోట కలిసికొంటిమి. ఇదియే కట్టబడిన వస్తువుల లెక్కలోని కీలకము. మొదట అందఱిని ఒకటిగా జూచి నడక తెలిసికొనవలెను. పిదప మోకును మనస్సులో తెగగోసి, ఒక్కొక్కరిని వేఱుగా నిలిపి, నిన్నెవరు ముందుకు లాగుచున్నారు, ఎవరు వెనుకకు లాగుచున్నారు అని యడుగవలెను.

మఱునాడు బాలుడు వచ్చెను. తరగతి యెదుట నా తప్పు ఒప్పుకొని వాని మార్కులు వానికిచ్చితిని. కాని వాడు ఆ యేడంతయు మఱల చేయి పైకెత్తలేదు. పదవ తరగతి ముగించి గనిలోనికే పోయెను.

1687 లో న్యూటన్ వెలువరించిన గ్రంథములో చర్యకు ప్రతిచర్య సమానమను మూడవ సూత్రమునకు ఉదాహరణముగా ఏమి చెప్పెనో తెలిసిన మీకు ముచ్చట కలుగును. త్రాడు కట్టి గుఱ్ఱము బండను లాగుచున్నచో, గుఱ్ఱము కూడ అంతే బలముతో బండవైపునకు లాగబడునని. కోటప్పకొండ తిరునాళ్ళలో మనము చూచు బండలాగుడు పందెమును ఆయన చూచినట్లే యున్నది! పాలపండ్ల జత, రెండుపండ్ల జత, నాలుగుపండ్లు, ఆఱుపండ్లు అని వయస్సును బట్టి వర్గములు చేసి, ఒంగోలు జాతి జతలచే బండ లాగించి, నిర్ణీతకాలములో ఎన్ని యడుగులు లాగినవో కొలుతురు. బండ ఎడ్లను వెనుకకు అంతే బలముతో లాగుచున్నచో, జత ముందుకేల పోవుచున్నదని నేటికిని విద్యార్థులు తికమకపడుదురు.

మోకును తెగగోసి యడుగుడు. బండను ముందుకు లాగునది గొలుసు, వెనుకకు లాగునది దాని క్రింది ఒరపిడి. ఎడ్లను వెనుకకు లాగునది గొలుసు. ముందుకు త్రోయునది? నేల! డెక్క నేలను వెనుకకు తన్నును, నేల డెక్కను ముందుకు త్రోయును. ఆ త్రోపు కూడ ఒరపిడియే. బండ క్రింది ఒరపిడిని మనము శత్రువనుకొందుము, డెక్క క్రింది ఒరపిడి లేనిచో ఎడ్లు నిలువనైనను నిలువజాలవు. ఉదాహరణమునకు 1500 కిలోల బండ, ఒరపిడి నిష్పత్తి సగము అనుకొన్నచో 750 కిలోల లాగుడు కావలెను. జత బరువు 1100 కిలోలైనచో, డెక్కల క్రింద నేల వాని బరువులో మూడింట రెండు వంతులకు మించి పట్టీయవలెను. అందుకే డెక్క నేలను త్రవ్వుకొని దిగును. అందుకే అనుభవజ్ఞుడైన రైతు పందెమునకు ముందు బండను కాక నేలను చూచును. బురద నేలపై ఎంతటి జతయైనను జారి మోకాళ్ళపై పడును. అప్పుడు చెర్నాకోల యెంత ఝుళిపించినను ఫలమేమి? కొఱత ఎద్దులో లేదు, నేలలో నున్నది. ఈ సంగతి గ్రహించినచో మూగజీవమునకు కొన్ని దెబ్బలు తగ్గును.

మఱొక సూక్ష్మము. కాడి ఎత్తున నుండును, బండ నేలపై నుండును. కావున గొలుసు బండనుండి పైకి వాలి పోవును. ఆ వాలుచే లాగుడులో కొంత భాగము బండను పైకెత్తి దాని బరువును నేలపై తేలిక చేయును. అంతే భాగము ఎడ్ల మెడలను క్రిందికి నొక్కి డెక్కల పట్టు పెంచును. ఒకే వాలు రెండు ఉపకారములు చేయును. గొలుసు మఱీ పొట్టియైనచో లాగుడు ముందునకు తక్కువై పైకెక్కువగును, మఱీ పొడవైనచో ఈ యుపకారము దక్కదు. ఎంత పొడవుండవలెనో మన రైతులు చేతి యలవాటుచే ఎఱుగుదురు.

అదే తిరునాళ్ళలో మహాశివరాత్రినాడు వచ్చు ప్రభలను గూర్చి విపులముగా చెప్పుటకు వ్యవధి లేదు. వెదురుతో ఆకాశమంటునట్లు కట్టిన ఆ ప్రభ బండిపై నూగుచు వచ్చునప్పుడు నలువైపుల మోకులు పట్టినవారు కూడ ఈ లెక్కలోని వారే. ఎడ్లు లాగిన ప్రభలు పోయి, ఇప్పుడు ట్రాక్టర్లు లాగుచున్నవి.

నాకు పదేండ్లప్పుడు, 1967 ఆగస్టు 4 న, నాగార్జునసాగరపు కాలువలకు ఇందిరాగాంధి నీరు వదలెను. 1955 డిసెంబరు 10 న నెహ్రూ శంకుస్థాపన చేసినది మొదలు మా తండ్రి దాని మాట చెప్పని దినము లేదు. కుడికాలువ పల్నాటికి దిగిన పిమ్మట క్రమక్రమముగా మోటలు ఆగిపోయినవి. పెద్దయ్య తోలుబొక్కెనను వసారాలో దూలమునకు వ్రేలాడదీసెను. ఎండి బిగిసిపోవువరకు అది యచ్చటనే యుండెను.

ఆ యానకట్ట సుమారు 124 మీటర్ల యెత్తున రాతితో కట్టిన గోడ. కూలీలు, స్త్రీలును పురుషులును, తలలపైనను భుజములపైనను రాళ్ళు మోసి కట్టిరి. వెనుకనున్న కృష్ణానది నీరు దానిని పగలు రేయి దిగువకు త్రోయుచునే యుండును. దానిని నిలుపునది ప్రధానముగా దాని బరువు, ఆ బరువుచే పునాది యొద్ద కలుగు ఒరపిడి, క్రింది కొండరాతితో దానికి గల బిగింపు. మోకు లేని బండయే యది. వేసవిలో నీరు తగ్గినపుడు నీటి త్రోపు తక్కువ, పునాది ఎదురొడ్డునదియు తక్కువ. శ్రావణ భాద్రపదములలో నీరు నిండినపుడు త్రోపు ఎక్కువ, ఎదురొడ్డునదియు అంతే ఎక్కువ. ఇంజనీర్లు కట్టకముందే చూచుకొన్నది, ఎంతటి వఱదకైనను ఈ యెదురొడ్డుట హద్దునకు చాల లోపలనే యుండునట్లు.

2022 లో పల్నాడు జిల్లాయై నరసరావుపేట ముఖ్యపట్టణమైనది. ఆ మఱుసటి యేడు నేను కోటప్పకొండ నుండి వచ్చుచు దాచేపల్లి దారిన పలకరాళ్ళ కోత యంత్రము లొకచోట ఆగి, మా వసారాకు రాళ్ళు బేరమాడితిని. యజమాని నన్ను గుర్తుపట్టెను. ఆ బాలుడే, తల నెరసినది. ధర తగ్గింపలేదు. రాళ్ళు బండిలోని కెక్కించునపుడు మాత్రము క్రొత్తగా చేరిన కుఱ్ఱవానిని, "ముందు మెల్లిగా లాగి చూడరా, ఎంత ఆపుద్దో తెలుసుద్ది" అని హెచ్చరించెను.

నాకిచ్చిన వ్యవధి ముగిసినది.